కొత్త వ్యాపారానికి కంపెనీయే కావాలా?

సంపాదకులకు,

అయ్యా,

ఈమధ్య ఎక్కడ చూసినా ఒకే తరహా ప్రకటన: ఇంత సొమ్ము కట్టండి, పది రోజుల్లో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మీ చేతికి. పది రోజులన్న మాట అబద్ధమేమీ కాదు. పేరు దొరికి కాగితాలు సరిగ్గా ఉంటే అంతకన్నా ముందే రావచ్చు. కంపెనీ వచ్చాక ఏటా చేయాల్సిన పనేమిటో, మానేస్తే పడే రుసుమెంతో మాత్రం ఆ ప్రకటనల్లో ఉండదు. అన్నదమ్ములో స్నేహితులో ఇద్దరు కలిసి నడిపే దుకాణానికి చాలావరకు సరిపోయే భాగస్వామ్య సంస్థకు ప్రకటన ఇచ్చేవారే లేరు. అది పెట్టుకున్నవాళ్లు కూడా ఎవరిదో పాత డీడ్ (భాగస్వామ్య ఒప్పంద పత్రం) తెచ్చి పేర్లు మార్చి, బ్యాంకు ఖాతా తెరవడంతో పని అయిపోయిందనుకుంటారు. ఈ రెండింటికీ అయ్యే నష్టం ఎంతో అంకెలతో పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం.

ఒక్కరే పెట్టుబడి పెట్టి ఒక్కరే నడిపే వ్యాపారానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. సొంత వ్యాపారంగానే మొదలుపెట్టవచ్చు. యజమాని పాన్ కార్డే దాని పాన్. కరెంటు ఖాతా కోసం బ్యాంకు సాధారణంగా వ్యాపారం పేరున రెండు రుజువులు అడుగుతుంది. ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) సర్టిఫికెట్, లేబర్ లైసెన్స్, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, జీఎస్టీ సర్టిఫికెట్‌లలో రెండుంటే చాలు. ఉద్యమ్ నమోదు ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. రుసుము అడిగే సైటు ఏదైనా అది దళారిదే.

జీఎస్టీ దగ్గర మన రెండు రాష్ట్రాల మధ్య ఒక తేడా ఉంది. సరుకు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణ మాత్రం పాత 20 లక్షల పరిమితిలోనే ఉండిపోయింది. సేవలకు రెండుచోట్లా 20 లక్షలే. అంటే జగ్గయ్యపేటలో 35 లక్షల అమ్మకమున్న దుకాణానికి అక్కర్లేని నంబరు, అదే అమ్మకానికి కోదాడలో తప్పనిసరి. ఆ జగ్గయ్యపేట దుకాణమే కోదాడకు సరుకు పంపిందనుకోండి, రాష్ట్రం దాటిన అమ్మకం గనుక టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. ఈ పరిమితిని పాన్‌ను బట్టి లెక్కిస్తారు. ఒకే మనిషి మూడు పేర్లతో మూడు దుకాణాలు పెట్టినా మూడింటి అమ్మకాలూ కలిపే చూస్తారు.

సొంత వ్యాపారంలో ఉన్న చిక్కు అప్పు. వ్యాపారం బాకీ పడితే యజమాని ఇల్లు, పొలం, బ్యాంకు నిల్వ అన్నీ ఆ బాకీకి జవాబుదారీయే. యజమాని పోతే ఆ పాన్‌తోపాటు వ్యాపారం నంబర్లూ ముగుస్తాయి. వారసులు కొత్త జీఎస్టీ నంబరు తీసుకుని, పాత ఖాతాలో మిగిలిన క్రెడిట్‌ను (కొనుగోళ్ల మీద కట్టిన పన్ను జమను) ఐటీసీ-02 ఫారంతో కొత్తదానికి మార్చుకోవాలి.

ఇద్దరు కలిస్తేనే అసలు ప్రశ్న మొదలవుతుంది. భాగస్వామ్య సంస్థకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 1932 నాటి చట్టమే చెబుతుంది. ఆ ఒక్క మాట పట్టుకుని రిజిస్ట్రేషన్ మానేసేవారు అదే చట్టంలో 69వ సెక్షన్ దాకా వెళ్లరు. రిజిస్టర్ కాని సంస్థ, ఒప్పందం వల్ల రావాల్సిన బాకీ కోసం బయటివారి మీద దావా వేయలేదు. భాగస్వామి తన వాటా హక్కు కోసం సంస్థ మీదగానీ తోటి భాగస్వామి మీదగానీ వేయలేడు. సంస్థను రద్దు చేయమనో, రద్దయిన సంస్థ లెక్కలు తేల్చమనో అడగవచ్చు, అంతే. బయటివారు మాత్రం ఆ సంస్థ మీద నిక్షేపంగా దావా వేయవచ్చు. 100 రూపాయలు మించని చిన్న దావాలకు చట్టం మినహాయింపు ఇచ్చింది. 1932లో 100 రూపాయలంటే మాటలు కాదు. ఆ అంకె నేటికీ అక్కడే ఉంది.

మీ దగ్గర 8 లక్షల సరుకు ఎత్తిన టోకు వ్యాపారి డబ్బు ఎగ్గొట్టాడనుకుందాం. రిజిస్ట్రేషన్ లేకుండా దావా వేస్తే అతని వకీలు మొదటి వాయిదాలోనే ఈ సెక్షన్ ఎత్తుతాడు. దావా నడుస్తుండగా పరుగున వెళ్లి రిజిస్టర్ చేయించుకున్నా పాత దావా బతకదు, కొత్తగా వేయాలి. ఈలోగా మూడేళ్ల కాలపరిమితి దాటిపోతే అసలుకే మోసం. ఒకసారి రిజిస్టర్ చేయించి వదిలేసినా ముప్పే. దావా వేసే భాగస్వాముల పేర్లు ఫర్మ్స్ రిజిస్టర్‌లో ఉండాలని చట్టం అంటుంది. మధ్యలో చేరిన తమ్ముడి పేరు అక్కడ ఎక్కించకపోతే ఎదుటివారికి అదే దొరికిపోతుంది.

రిజిస్ట్రేషన్‌కు ఫారం-1 ఉంటుంది. సంస్థ పేరు, ప్రధాన వ్యాపార స్థలం, ఇతర శాఖలుంటే వాటి చిరునామాలు, ఒక్కో భాగస్వామి పూర్తి పేరు, శాశ్వత చిరునామా, చేరిన తేదీ, సంస్థ కాలపరిమితి అందులో రాయాలి. భాగస్వాములందరూ సంతకం చేయాలి. డీడ్ నకలు, స్థలం రుజువు జతచేసి రిజిస్ట్రేషన్ శాఖలో ఫర్మ్స్ రిజిస్ట్రార్‌గా వ్యవహరించే జిల్లా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. పేరు పెట్టేటప్పుడు చిన్న జాగ్రత్త: రాయల్, కింగ్, క్వీన్, ఇంపీరియల్ వంటి మాటలు రాష్ట్ర ప్రభుత్వ అనుమతి లేకుండా సంస్థ పేరులో కుదరవు. రాజులు పోయి ఇన్నేళ్లయినా ఆ నిబంధన చట్టంలో అలాగే ఉంది.

ఇక డీడ్. నోటరీ దగ్గర దొరికే రెండు పేజీల నమూనాలో సాధారణంగా లేనివే, తర్వాత గొడవలకు కారణమయ్యేవి. మొదటిది పని చేసే భాగస్వామి జీతం. దీన్ని డీడ్‌లో రాయకపోతే ఏమవుతుందో ఒక లెక్క చూడండి. ఇద్దరు భాగస్వాములు, జీతాలు తీయకముందు లాభం 12 లక్షలు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం మొదటి 6 లక్షల లాభంలో 90 శాతం, అంటే 5,40,000. మిగతా 6 లక్షల్లో 60 శాతం, అంటే 3,60,000. మొత్తం 9 లక్షలు జీతంగా ఇచ్చి ఖర్చు రాసుకోవచ్చు. సంస్థకు మిగిలిన 3 లక్షల మీద 30 శాతం పన్ను, 4 శాతం సెస్సు కలిపి 93,600 రూపాయలు. భాగస్వాములకు చెరి నాలుగున్నర లక్షల జీతం. వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో దాని మీద కట్టేదేమీ ఉండదు. లాభంలో వాటా మీద వారికి ఎలాగూ పన్ను లేదు. అదే డీడ్‌లో జీతం మాట లేకపోతే 12 లక్షలకూ 30 శాతమే: సెస్సుతో 3,74,400. ఒక్క పేరా రాయనందుకు ఏడాదికి 2,80,800 రూపాయలు అదనం.

ఆ పేరా ఎలా రాయాలన్నదీ ముఖ్యమే. ‘భాగస్వాములు ఎప్పటికప్పుడు అనుకున్నంత జీతం’ అని రాస్తే చెల్లదు. మొత్తం ఎంతో రాయాలి, లేదా లెక్కగట్టే పద్ధతి రాయాలి. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1996లోనే ఈ సంగతి సర్క్యులర్‌లో చెప్పింది. సెక్షన్ నంబరు వేసి ఊరుకోవడం కూడా మంచిది కాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి నంబర్లన్నీ మారాయి. పైన చెప్పిన 90 శాతం, 60 శాతం లెక్కనే మాటల్లో డీడ్‌లోకి ఎక్కిస్తే ఏ పేచీ లేదు. డీడ్ తేదీకి ముందు కాలానికి జీతం ఒప్పుకోరు కాబట్టి మార్చి నెలాఖరున కూర్చుని ఏడాది మొత్తానికీ సవరణ డీడ్ రాస్తే ప్రయోజనం లేదు. పెట్టుబడి మీద వడ్డీకి కూడా డీడ్‌లో మాట ఉండాలి; ఏడాదికి 12 శాతం దాకానే ఖర్చుగా ఒప్పుకుంటారు.

దీనికి 2025 ఏప్రిల్ నుంచి ఒక తోక తగిలింది. భాగస్వామికి ఇచ్చే జీతం, వడ్డీ, కమీషన్, బోనస్ కలిపి ఏడాదికి 20,000 రూపాయలు దాటితే సంస్థ 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాలి. నగదు చేతికి ఇవ్వకుండా పెట్టుబడి ఖాతాలో జమ వేసినా కోత తప్పదు. పై లెక్కలో ఒక్కొక్కరికి 45,000 రూపాయలు ముందు ప్రభుత్వానికి పోయి, రిటర్న్ వేశాక రీఫండ్‌గా వస్తాయి. ఇందుకు సంస్థకు, పన్ను కోసేవారికి ఇచ్చే టాన్ నంబరు కావాలి. చాలా చిన్న సంస్థలు ఇంకా అది తీసుకోనేలేదు.

రెండోది మరణం. డీడ్‌లో వేరే మాట లేకపోతే ఒక భాగస్వామి పోగానే సంస్థ రద్దవుతుంది. ముగ్గురున్నచోట ‘మిగతావారు కొనసాగించవచ్చు’ అన్న వాక్యం పనిచేస్తుంది. ఇద్దరే ఉన్న సంస్థలో పనిచేయదు. ఒక్కరే మిగిలాక భాగస్వామ్యం అనేదే ఉండదు. అప్పుడు పాన్ మారుతుంది, జీఎస్టీ మారుతుంది, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ ఆగిపోతుంది. అందుకే చాలామంది భార్యనో కొడుకునో ఐదు శాతం వాటాతో మూడో భాగస్వామిగా చేరుస్తారు. ఉపాయం బాగానే ఉంటుంది గానీ, ఆ ఐదు శాతం మనిషి కూడా సంస్థ బాకీలకు నూటికి నూరు శాతం బాధ్యురాలు. ఆమె పేరున ఉన్న ఇంటినీ అప్పిచ్చినవారు జప్తు చేయించవచ్చు. మైనర్ కొడుకును భాగస్వామిగా చేర్చడం కుదరదు. లాభాల్లో పాలు మాత్రం ఇవ్వవచ్చు. మేజరైన ఆరు నెలల్లోగా ఉంటాడో లేదో బహిరంగ ప్రకటన ఇవ్వాలి, ఇవ్వకపోతే ఉన్నట్టే లెక్క.

మూడోది విడిపోవడం. వెళ్లేవారికి ఎంత ఇవ్వాలి, దాన్ని ఎవరు లెక్కగట్టాలి, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి, దుకాణం పేరు ఎవరికి మిగలాలి, స్థలం అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉంది, ఒక భాగస్వామి సొంత షెడ్డులో వ్యాపారం నడుస్తుంటే ఆ షెడ్డు సంస్థ ఆస్తా, అతని ఆస్తా? సఖ్యంగా ఉన్నప్పుడు ఇవన్నీ పావుగంటలో తేలే మాటలు. డీడ్‌లో వాటాల మాట లేకపోతే చట్టం ఇద్దరికీ సమానమంటుంది. 80 శాతం పెట్టుబడి ఒకరిదే అయినా అంతే. బ్యాంకు ఖాతాలో ‘ఎవరైనా ఒకరు’ సంతకం చాలన్న ఏర్పాటు మొదట్లో సౌకర్యమే. ఒక మొత్తం దాటితే ఇద్దరి సంతకాలూ కావాలని పెట్టుకోవడం క్షేమం.

సంస్థ నుంచి తప్పుకునేవారు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. మీ పత్రిక లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో కనిపించే భాగస్వామ్య విరమణ ప్రకటనల వెనుక ఉన్నది చట్టమే. రిజిస్టరైన సంస్థ నుంచి తప్పుకునేటప్పుడు రిజిస్ట్రార్‌కు నోటీసు, అధికారిక గెజిట్‌లో ప్రకటన, వ్యాపారమున్న జిల్లాలో చదివే ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన, మూడూ ఉండాలి. లేకపోతే తర్వాత మిగతావాళ్లు చేసిన బాకీలకూ తప్పుకున్నవారిని పట్టుకోవచ్చు. జీఎస్టీకైతే నెలలోగా అధికారులకు తెలపాలి; తెలపనంతకాలం ఆ పన్ను బాకీ ఆయన నెత్తినే ఉంటుంది.

అపరిమిత బాధ్యత భయపెడుతుంటే ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) ఉంది. 2008 చట్టం కింద వచ్చిన ఈ రూపంలో భాగస్వాముల సొంత ఆస్తులకు, మోసం చేస్తే తప్ప, సంస్థ బాకీలు అంటవు. రిజిస్ట్రేషన్ కంపెనీల రిజిస్ట్రార్ దగ్గరే కాబట్టి 69వ సెక్షన్ బెడద ఉండదు. కనీసం ఇద్దరు డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్లు (చట్టం ముందు జవాబుదారీ అయ్యే భాగస్వాములు) కావాలి. వారిలో ఒకరు ఆర్థిక సంవత్సరంలో 120 రోజులు భారతదేశంలో ఉన్నవారై ఉండాలి. పెట్టుబడి లక్ష దాకా అయితే నమోదు రుసుము 500 రూపాయలు, 5 లక్షల దాకా 2,000. పుట్టిన 30 రోజుల్లో ఒప్పందాన్ని ఫారం-3తో దాఖలు చేయాలి. చాలామంది జారేది ఇక్కడే. ఒప్పందం లేకపోతే చట్టంలోని మొదటి షెడ్యూలు వర్తిస్తుంది: అందరికీ సమాన వాటా, ఎవరికీ జీతం లేదు. పైన చెప్పిన 2,80,800 మళ్లీ గుర్తుకొస్తుంది. ఏటా మే 30కి ఫారం-11 (వార్షిక రిటర్న్), అక్టోబర్ 30కి ఫారం-8 (లెక్కల పత్రం) వేయాలి. వ్యాపారం లేకపోయినా వేయాలి. టర్నోవర్ 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఎల్ఎల్‌పీ చట్టం ఆడిట్ అడగదు.

ఎల్ఎల్‌పీకి మారేముందు చూసుకోవాల్సిన తేడా ఒకటుంది. టర్నోవర్ 2 కోట్ల దాకా ఉన్న చిన్న వ్యాపారులు పూర్తి లెక్కల పుస్తకాలు లేకుండా, అమ్మకంలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్మైతే 6 శాతం లాభంగా చూపి పన్ను కట్టే వెసులుబాటుంది. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే పరిమితి 3 కోట్లు. ఇది వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు, మామూలు భాగస్వామ్య సంస్థలకు ఉంది. ఎల్ఎల్‌పీకి, కంపెనీకి లేదు. కమీషన్ వ్యాపారానికి ఏ రూపంలోనూ లేదు కాబట్టి గుంటూరు మిర్చి యార్డు కమీషన్ ఏజెంట్లకు ఈ లెక్క పట్టదు.

కంపెనీకి వద్దాం. 2013 చట్టం కింద ప్రైవేట్ కంపెనీకి ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు చాలు. కనీస మూలధనం లక్ష ఉండాలన్న నిబంధన 2015లోనే పోయింది. స్పైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ నమోదు ఫారం మొదటి భాగంలో పేరు అడగాలి. రుసుము 1,000 రూపాయలు. ఆమోదించిన పేరు 20 రోజులు మీ కోసం ఉంటుంది. రెండో భాగంలో కంపెనీ నమోదు, డైరెక్టర్ నంబర్లు, పాన్, టాన్, పీఎఫ్, ఈఎస్ఐ, బ్యాంకు ఖాతా ఒక్కసారే అయిపోతాయి. అధీకృత మూలధనం (కంపెనీ జారీ చేయగల వాటాల గరిష్ఠ మొత్తం) 15 లక్షల దాకా కేంద్రానికి నమోదు రుసుము లేదు. రాష్ట్ర స్టాంపు డ్యూటీ, డిజిటల్ సంతకాల ఖర్చు ఉంటాయి. కార్యాలయానికి అద్దె ఒప్పందం, యజమాని అభ్యంతరం లేదన్న పత్రం, రెండు నెలలు మించని కరెంటు బిల్లు కావాలి.

దరఖాస్తులు వెనక్కి రావడానికి మనవాళ్ల విషయంలో తరచూ కారణం ఇంటి పేరే. పాన్‌లో ఇంటి పేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటుంది. డిజిటల్ సంతకం, డైరెక్టర్ నంబరు రెండూ పాన్‌లో ఉన్న పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. పేరు అడగకముందే ఆధార్ సరిచేయించుకుంటే ఆ 20 రోజులు వృథా పోవు. ఇంకొకటి: కంపెనీ పేరు ఆమోదం పొందినంత మాత్రాన ట్రేడ్‌మార్క్ మీది కాదు. అదే పేరు మీద ఎవరికైనా మార్క్ ఉందేమో ముందే వెతకాలి. ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి వ్యక్తులు, చిన్న సంస్థలు 4,500, మిగతావారు 9,000 కట్టాలి.

అసలు పని కంపెనీ వచ్చాక ఉంది. 30 రోజుల్లో బోర్డు సమావేశం జరిపి ఆడిటర్‌ను నియమించాలి. 180 రోజుల్లో, వాటాదారులు ఒప్పుకున్న సొమ్మంతా కంపెనీ ఖాతాలో వేశారని ఐఎన్‌సీ-20ఏ దాఖలు చేయాలి. అది వేయకుండా వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తేకూడదు. కాదంటే కంపెనీకి 50,000 రూపాయల జరిమానా, డైరెక్టర్లకు రోజుకు 1,000 చొప్పున లక్ష దాకా. గొప్పగా కనబడాలని చెల్లించిన మూలధనం 10 లక్షలు రాసి, అంత సొమ్ము వేయలేక ఇక్కడ ఇరుక్కునేవారు తక్కువేమీ కాదు. లక్షతో మొదలుపెట్టి తర్వాత పెంచుకోవడానికి ఏ అడ్డూ లేదు.

టర్నోవర్ సున్నా అయినా ఆడిట్ తప్పదు. వార్షిక సమావేశమయ్యాక 30 రోజుల్లో లెక్కల ఫారం ఏఓసీ-4, 60 రోజుల్లో వార్షిక రిటర్న్ ఎంజీటీ-7 లేదా చిన్న కంపెనీలైతే ఎంజీటీ-7ఏ వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. రెండూ ఒక ఏడాది మరిచిపోతే 73,000. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులు. వాళ్లు వేరే మంచి కంపెనీలో డైరెక్టర్లైనా సరే. 2017లో కేంద్రం ఇలా రిటర్నులు వేయని 2 లక్షలకు పైగా కంపెనీలను రిజిస్టర్ నుంచి కొట్టేసింది, వాటి ఖాతాలు స్తంభించాయి. నడపలేక మూసేద్దామన్నా ఎస్‌టీకే-2 ఫారానికి 10,000 రూపాయల రుసుముంది. అంతకుముందు పెండింగు రిటర్నులన్నీ వేయాలి.

కంపెనీ డబ్బు మన డబ్బు కాదన్నది కొత్త డైరెక్టర్లకు కష్టంగా అనిపించే విషయం. దుకాణం గల్లాలోంచి తీసినట్టు కంపెనీ ఖాతాలోంచి ఇంటి ఖర్చుకు తీస్తే అది డైరెక్టర్‌కు ఇచ్చిన అప్పు అవుతుంది. కొన్ని షరతులకు లోబడిన ప్రైవేట్ కంపెనీలకు తప్ప చట్టం దాన్ని నిషేధించింది. ఆదాయపు పన్ను వాళ్లు దాన్ని డివిడెండ్‌గా లెక్కేసి పన్ను వేయవచ్చు. జీతంగా తీసుకుంటే భాగస్వామ్యంలోలాగా 90, 60 శాతాల పరిమితి లేదు, చేసే పనికి తగ్గట్టుంటే చాలు. లాభం కంపెనీలో ఉంచితే 22 శాతం రేటు, సర్‌చార్జి, సెస్సు కలిపి 25.168 శాతం పన్ను. తర్వాత డివిడెండ్‌గా తీసినప్పుడు వాటాదారు తన శ్లాబు ప్రకారం మళ్లీ కట్టాలి. లాభాలను వ్యాపారంలోనే పెడుతూ పోయేవారికి ఇది లాభం. ప్రతి రూపాయీ ఇంటికి తీసుకెళ్లేవారికి కాదు.

మరి పరిమిత బాధ్యత? దాని బలం అనుకున్నంత లేదు. చిన్న కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు డైరెక్టర్ల వ్యక్తిగత గ్యారంటీ అడుగుతుంది. సంతకం పెట్టాక ఆ అప్పు మేరకు ఇల్లూ జవాబుదారీయే. ప్రైవేట్ కంపెనీ జీఎస్టీ బకాయి కంపెనీ నుంచి వసూలు కాకపోతే, తన నిర్లక్ష్యం లేదని నిరూపించుకోలేని డైరెక్టర్ కట్టాలి. ఆదాయపు పన్నుకూ ఇదే తీరు. సరఫరాదారుల బాకీలు, కొనుగోలుదారుల నష్టపరిహారం దావాలు వంటివాటి నుంచి మాత్రం రక్షణ నిజమే. అందుకే జనం ప్రాణాలతో ముడిపడిన వ్యాపారాలకు, పెద్ద ఒప్పందాలు చేసే కాంట్రాక్టర్లకు కంపెనీయో ఎల్ఎల్‌పీయో మేలు. బయటి పెట్టుబడిదారు రానున్నా, ఉద్యోగులకు వాటాలు ఇవ్వాలన్నా కంపెనీకి ప్రత్యామ్నాయం లేదు. అలాంటప్పుడు ముందే కంపెనీ పెట్టండి. సొంత వ్యాపారాన్ని తర్వాత కంపెనీగా మార్చేటప్పుడు మూలధన లాభం పన్ను పడకుండా ఉండాలంటే ఆస్తులూ అప్పులూ అన్నీ మారాలి, ప్రతిఫలంగా వాటాలే తీసుకోవాలి, ఐదేళ్లపాటు సగానికి తగ్గని ఓటు హక్కు పాత యజమాని చేతిలో ఉండాలి. వీటికి తోడు కొత్త పాన్, కొత్త జీఎస్టీ, లైసెన్సులన్నీ మళ్లీ మొదటికి.

ఏకవ్యక్తి కంపెనీ గురించి రెండు మాటలు చాలు. భారత పౌరులకే వీలు. 2021 ఏప్రిల్ నుంచి ప్రవాసులూ పెట్టవచ్చు. నామినీ ఒప్పుకోలు కావాలి. ఆడిట్, రిటర్నులు మామూలే. ఎవరూ చేరరని తెలిసిన ఒంటరి వ్యాపారికి ఆ ఖర్చు ఎందుకన్నది ఆలోచించుకోవాలి.

ప్రవాసుల ప్రస్తావన వచ్చింది గనుక: అమెరికాలో ఉన్న కొడుకో తమ్ముడో డబ్బు పంపి భాగస్వామి కావడం మన ఊళ్లలో మామూలే. ప్రవాసి భాగస్వామ్య సంస్థలో పెట్టుబడి పెట్టవచ్చు, కాకపోతే ఆ సొమ్ము స్వేచ్ఛగా విదేశానికి తిరిగి తీసుకెళ్లే పద్ధతిలో కాదు. వ్యవసాయం, తోటలు, స్థిరాస్తి వ్యాపారం, ప్రింట్ మీడియా సంస్థల్లో ఆ వీలూ లేదు. తిరిగి తీసుకెళ్లాలంటే కంపెనీ వాటాలు తీసుకోవడం ఒక దారి. సొమ్ము వచ్చిన 60 రోజుల్లో వాటాలు కేటాయించి, కేటాయించిన 30 రోజుల్లో బ్యాంకు ద్వారా రిజర్వ్ బ్యాంకుకు ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారంతో తెలపాలి. అక్కడ సంతకం చేసిన కాగితాలకు నోటరీ, అపొస్టిల్ (పత్రం నిజమైనదేనని అక్కడి ప్రభుత్వం వేసే ముద్ర) కావాలి. ఆ తమ్ముడికి గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉండి, కంపెనీలో పది శాతమో అంతకు మించో వాటా ఉంటే విదేశీ సంస్థలో వాటా తెలిపేందుకు అమెరికా పన్ను శాఖకు ఫారం 5471, భాగస్వామ్యమైతే ఫారం 8865 వేయాల్సి రావచ్చు. వేయకపోతే జరిమానా 10,000 డాలర్ల నుంచి మొదలు. ఇక్కడ లక్ష రూపాయల వాటాకు అక్కడ ఆ మొత్తం కట్టాల్సి రావచ్చని ఇక్కడి కన్సల్టెంట్లు ముందు చెప్పరు.

ఒక విన్నపం. ప్రస్తుతం నడుస్తున్న రిజిస్టర్ కాని సంస్థలు ఎప్పుడైనా రిజిస్టర్ చేయించుకోవచ్చు, ఆలస్యమైందని చట్టం కాదనదు. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలూ జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయాల్లో, తమ సైట్లలో ఫారం-1 నింపే తీరు, ఆ రోజు అమలులో ఉన్న స్టాంపు డ్యూటీ, జీతం, మరణం, విరమణ, పేరు హక్కుల మీద ఖాళీలతో ఉన్న తెలుగు నమూనా డీడ్ ప్రజలకు కనబడేలా ఉంచాలి. మీ పత్రిక కూడా వాణిజ్య పేజీలో ఆ నమూనాను ప్రచురిస్తే జిల్లా పాఠకులు కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
ఒక పన్ను సలహాదారు,
గుంటూరు